పెద్దవాడి ఉత్తరం

మొన్న సాయంకాలం అమీర్‌పేటలో మైత్రీవనం ముందు మా పక్కింటి కుర్రవాడు తగిలాడు. అమెరికా ఉద్యోగం మీద ఆశతో అక్కడ కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటున్నాడు. కబుర్లు చెప్పుకుంటూ పంజాగుట్ట వైపు నడిచాం.

"బాబాయిగారూ, దేశాలన్నిటికీ ఒకే న్యాయం అంటారు గదా! అందరికంటె బలమైన దేశం కాదు పొమ్మంటే అడిగేవాడెవడండీ?" అన్నాడు.

అప్పటికి నిమ్స్ ఆస్పత్రి దగ్గరకు వచ్చాం. బోర్డు మీద నిజాం పేరు చూపించి, "ఈ చిక్కు ఆఖరి నిజాముకు ఏనాడో వచ్చిందోయ్" అన్నాను.

సంగతి బేరారుది. ఇంగ్లీషువారు పెట్టిన సైన్యం ఖర్చు కింద 1853లో అప్పటి నిజాం బేరారు జిల్లాలను వారికి అప్పగించాడు. 1902లో కర్జను ప్రభువు ఏటా 25 లక్షల రూపాయలకు వాటిని శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. 1923లో మీర్ ఉస్మాన్ అలీఖాన్, ఒప్పందాలు ముందు పెట్టి, బేరారు తిరిగి ఇమ్మన్నాడు. 1926 మార్చిలో వైస్రాయి రీడింగు ప్రభువు జవాబు వచ్చింది. బ్రిటిషు ప్రభుత్వంతో సమానంగా కూర్చుని బేరమాడే హక్కు ఏ సంస్థానాధీశుడికీ లేదట. వారి ఆధిపత్యం ఒప్పందాల వల్ల మాత్రమే వచ్చింది కాదట! ఇలా రాసినాయన అంతకుముందు ఇంగ్లండులో ప్రధాన న్యాయమూర్తి. సంస్థానాలతో తమ వ్యవహారాలకు అంతర్జాతీయ న్యాయం వర్తించదని 1891లోనే గెజిట్టులో వేసుకున్నారు కూడాను.

"ఇప్పుడు మాత్రం?" అన్నాడు కుర్రవాడు.

"1986లో హేగ్ న్యాయస్థానం నికరాగ్వా పక్షాన తీర్పు చెప్పింది. దాన్ని అమలు చేయమనే తీర్మానాన్ని భద్రతా సమితిలో అమెరికా వీటోతో కొట్టేసింది."

"పాపం, నిజాం!"

"తొందరపడకు. ఆయన రాజ్యంలో వెట్టిచేసిన రైతు ఏ కాగితం చూపించి అడగగలిగాడు? పైవాడి దగ్గర న్యాయం కావాలన్నవాడు కిందివాడికి అది ఇవ్వలేదు. ఒప్పందాలతో పనిలేదన్న ఆ ఆధిపత్యమూ 1947తో సరి. బలం ఎల్లకాలం ఉండదు గనుకనే బలవంతుడికీ న్యాయం కావాలి."

కుర్రవాడు ఆలోచిస్తూ బస్సెక్కాడు.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా ఇంట్లో చెబుతుండగా ఫోను మోగింది. చెయ్యి చాచాను.

"భోజనాల దగ్గర ఫోను ముట్టరాదని నిబంధన పెట్టింది మీరేగా!" అంది మా ఆవిడ. "వైస్రాయిగారికి వర్తించదు కాబోలు!"

ఫోను అలాగే మోగి ఊరుకుంది.