సుబ్బారావు కంటే ముందున్న గొల్లపూడి

గొల్లపూడి మారుతీరావు పేరు చెబితే చాలామందికి ఇప్పటికీ ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ సినిమాలో సుబ్బారావే కళ్ల ముందు మెదులుతాడు. 1982లో ఆ వేషం కట్టేనాటికి ఆయనకు నలభై దాటాయి. అప్పటికే పేరున్న నాటకకర్త. ఆకాశవాణిలో ఏళ్ల తరబడి పనిచేశారు. 1964లోనే ‘డాక్టర్ చక్రవర్తి’తో సినిమా రచనలోకి వచ్చారు. తర్వాత వందల వేషాలు కట్టారు, ఆ నటుడి వెలుగులో నాటకకర్త మసకబారిపోయాడు. నాకు ఇది నిజమైన నష్టంగానే తోస్తుంది. ఎందుకంటే ఆ నటనకు మూలం నాటకమే. మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ మింగాలో రాసి నేర్చుకున్న మనిషి కనుకనే సుబ్బారావు నోట అంత మామూలు మాట కూడా అంత విషంగా పలికింది. ఇక ఆయన రాసిన ‘కళ్లు’ నాటకం చూడండి. గుడ్డి బిచ్చగాళ్లు కొందరు తలా కొంత కూడబెట్టి తమలో ఒకడికి చూపు తెప్పిస్తారు. చూపొచ్చినవాడు వాళ్లను దగా చేస్తాడు. బీదల మీద జాలి కురిపించే రచనలు మనకు కొదవలేదు గానీ, బీదవాడి చేతికి ఆధిక్యం అందితే ఏమవుతాడని ఇంత నిక్కచ్చిగా అడిగినవి అరుదు. 1988లో ఎం.వి. రఘు దాన్ని సినిమాగా తీశారు, మంచి సినిమా. అయినా ఆ కథ బలమంతా తెలిసేది ప్రేక్షకుడి ఎదుటే మనుషులు నిలబడి మాట్లాడినప్పుడు. గొల్లపూడి 2019లో వెళ్లిపోయారు. టీవీలో ఆయన సినిమాలు వస్తూనే ఉంటాయి, వాటికి మన అండ అక్కర్లేదు. పరిషత్తులు, కాలేజీ నాటక బృందాలు ‘కళ్లు’ను మళ్లీ రంగస్థలం ఎక్కించాలి.