నలుని లెక్క

నలోపాఖ్యానాన్ని జూదం తెచ్చే చేటుకు ఉదాహరణగా చెబుతారు. అది లెక్క నేర్చిన కథ కూడా. ఋతుపర్ణుడు రథం మీది నుండే తాండ్రచెట్టు కాయల సంఖ్య చెప్పాడు. (పూర్వం పాచికలుగా వాడినవి ఆ కాయలే.) నలుడు చెట్టును కూల్చి, లెక్కించి, సరిచూచుకొని మరీ ఆయన వద్ద అక్షహృదయమనే జూదవిద్యను గ్రహించాడు.

లెక్కించక కంటినే నమ్మితే? కొలకలూరు తిరునాళ్లలో రెండు గంపలున్నాయనుకొందాం. ఒకదానిలోని పది గోళీలలో ఒకటి ఎర్రనిది. మరొకదానిలో నూటికి తొమ్మిది. ఎర్రగోళీ తీస్తే బహుమతి. మొదటి గంపే మేలు. అయినా తొమ్మిదిని చూచి రెండవదానికి చేయి చాచేవారుంటారు. 2006లో అమెరికాలో ఎలెన్ పీటర్స్ బృందం ప్రకటించిన ఇటువంటి పరీక్షలో సంఖ్యాజ్ఞానం కొరవడినవారే ఎక్కువగా అలా ఎన్నుకొన్నారు.

ఆన్‌లైన్ జూదాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. అవసరమే, కాని భిన్నాలను పోల్చడం రానివానికి పంట బీమా, శస్త్రచికిత్స కూడా ఆ గంపలవంటివే.