పట్టా లేని భూదేవి

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రైతు ఇంటి ముసలమ్మ పోతే పెద్దకర్మ కార్డు మీద తప్పక కనబడే మాటలు రెండు: 'ఆదర్శ గృహిణి', 'సహనమూర్తి'. ఈ పొగడ్త మీదే నా తగవు.

అరవయ్యేళ్ళు పత్తి తీసి, మిరపకాయ కోసి, కల్లంలో ఆరబోసి, తాలుకాయ ఏరి, మండే చేతులతో చంటిబిడ్డను తాకడానికి జంకిన మనిషి గృహిణి ఎట్లా అవుతుంది? గుంటూరు యార్డుకు టిక్కీలు వెళ్ళేది ఆయన పేర. పట్టాదారు పాసుపుస్తకం ఆయన పేర. అప్పు మాత్రం ఇద్దరిదీ! 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు ఈ జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. వాళ్ళు వదిలిన బాకీలు మోసింది ఈ 'గృహిణులే'. అదే చేలో ఆడమనిషి ప్రాణం తీసుకుంటే, పేర భూమి లేదు గనుక, రైతు అనిపించుకోవడమే కష్టం.

1986 నాటి మన రాష్ట్ర వారసత్వ సవరణ కూతురికి వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్ళయినవారిని వదిలేసి. స్వామినాథన్ గారు 2012లో రాజ్యసభలో పెట్టిన మహిళా రైతుల హక్కుల బిల్లు మరుసటి ఏడే మురిగిపోయింది.

"ఆమె ఎన్నడూ అడగలేదు కదా" అనే మిత్రులకు ఒక మాట. పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరాన్ని కూడా ఎన్నో ఇళ్ళలో పురుగుమందు బాకీకో, ఆడపిల్ల పెళ్ళికో ఆమె చేత వేలిముద్ర వేయించి అమ్మించారు. సొంతదారుగా ఆమె పేరు కనిపించే కాగితం ఆ అమ్మకం దస్తావేజు ఒక్కటే.