ఉదయగిరికి వచ్చిన జర్మను పిస్తోలు

చేనికి రాత్రికాపు కాయు రైతు చేత నాటుతుపాకి కనబడినచో నతడు నేరస్థుడు. పెండ్లిపందిటిలో చొక్కా మాటున పరదేశపు పిస్తోలు దోపుకొని తిరుగు శ్రీమంతుడు పెద్దమనిషి. నెల్లూరు జిల్లా పడమటిసీమలో, ఉదయగిరి ఆత్మకూరు ప్రాంతముల మెట్టపల్లెలలో, ఆయుధచట్టమునకు నేడు కలిగిన యర్థమిది. చట్టము నిట్లే వ్రాసియున్నారా యని చదువరులు ప్రశ్నింపవచ్చును. లేదు. చట్టములో నున్నది దీనికి సరిగా విపర్యయము.

ఇటీవల ఉదయగిరి చేరువనున్న గ్రామమునకు చెందిన గుత్తేదారుగారొకరు పిస్తోలు కొనిరి. లైసెన్సు సక్రమమైనదే. దూరపుజిల్లా లైసెన్సుదారుని వద్దనుండి ఒక వర్తకుని మూలమున బదలాయింపు జరిగినది. కాగితములు పరిశీలించి పెట్టుమని మమ్ము కోరిరి. పేరు వెల్లడింపమను షరతుపై ఈ సంగతి వ్రాయుటకు వారే యంగీకరించినారు. ఆ పిస్తోలు పేరు ఓర్ట్‌గీస్. కోల్టు, బ్రౌనింగు, వెబ్లీ యను పేరులు పఠనమందిరములలో కూర్చుండు వారందరును వినినవే గాని, ఈ పేరు వినినవారు మన జిల్లాలో నెందరుందురో! 1919లో హైన్రిచ్ ఓర్ట్‌గీస్ అను జర్మను దేశీయుడు ఎర్ఫుర్టు పట్టణమున దీని తయారీ నారంభించెను. 1921లో డాయిష్ వెర్కె యను సంస్థ ఆ పనిని గైకొనెను. 1920 దశకము నడిమికే యది నిలిచిపోయినది. గుండు 7.65 మిల్లీమీటర్లది, మన లైసెన్సుల భాషలో .32 బోరు. మ్యాగజైనులో ఎనిమిది తూటాలు పట్టును. ఒక తూటా పేలగానే స్లైడు వెనుకకు జరిగి ఖాళీగొట్టమును విసరివైచి రెండవతూటాను తానే లోనికి నెట్టును. ట్రిగ్గరు మాత్రము ప్రతిసారియు వ్రేలితో నొక్కవలెను. పిడికట్టు చెక్కలకు సైతము మర కనిపింపదు, లోపలి కొక్కియే పట్టియుంచును. చూచుటకు ముచ్చటైన పనితనమని యొప్పుకొనక తప్పదు.

కొండ దగ్గరనే యున్నది గదా, గుట్టవెనుక నాలుగు తూటాలు కాల్చి చూతమని గుత్తేదారుగారు తొందరపడిరి. వలదంటిమి. వెలిగొండ యడవిలో తుపాకి పేల్చుట యనగా ఆయుధచట్టమును, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టమును ఒక్కసారిగా నిద్రలేపుట. పైగా ఎర్రచందనపు దొంగల కొరకు అటవీశాఖవారు చెవులు నిక్కించుకొని యున్నారు. లైసెన్సు గల గురిక్షేత్ర మేదియు మన పడమటిసీమలో లేకపోవుటచే, తూటాల లెక్క వ్రాయించుకొని పరపట్టణమునకు పోవలసివచ్చినది.

పదిగజముల దూరమున కాగితపు గురి. మొదటి మ్యాగజైనులో ఐదు పేలి ఆరవది నోటిలో నిరికినది. రెండవమారు మూడింటితోనే యాగినది. పేలినవి గురిలోనే పడినవి. చేతికి తట్టు అదటు కూడ స్వల్పమే. చేసినవాని యందు దోషము లేదు. నూరేండ్ల స్ప్రింగు అలసిపోయినది, అంతే. క్రొత్త స్ప్రింగు కావలెనన్న నేడు తయారుచేయువా డెవడు?

అంతకంటె భయంకరమైన సంగతి వేరొకటి కలదు. ఈ పిస్తోలునకు బొటనవ్రేలితో త్రిప్పు భద్రతామీట లేదు. పిడి వెనుక నొక పలక యుండును. పట్టు బిగింపగానే అది లోనికి పోయి అక్కడనే నిలిచిపోవును. చేయి వదలినను బయటకు రాదు. ప్రక్కనున్న బొత్తాము నొక్కినగాని భద్రత తిరిగి కుదురదు. అనగా ఒకసారి పట్టుకొని నడుమున దోపిన పిస్తోలు, లోపల తూటా యున్నచో, పేలుటకు సిద్ధముగనే యుండును. ఈ సంగతి గుత్తేదారుగారు ఎరుగరు. 2016 నాటి ఆయుధనిబంధనలు కోరిన భద్రతాశిక్షణ పత్రము మాత్రము వారి సంచిలో భద్రముగా నున్నది! వర్తకుని నడిగితిమి. "జర్మను సరుకండీ ప్లీడరుగారూ, మరి చూడనక్కరలేదు" అని ఆయన సెలవిచ్చిరి.

దీని వెల లక్షలు. ఎందుకన, 1980వ దశకము నడుమనుండి సామాన్యపౌరులు పరదేశపు తుపాకుల దిగుమతి చేసికొనుట నిలిపివేయబడినది. పేరుపడ్డ గురికాండ్రకే మినహాయింపు. కావున అంతకుముందు దేశములోనికి వచ్చిన యినుమంతయు బంగారమై కూర్చున్నది. కాన్పూరులో 2014లో మన ప్రభుత్వ కర్మాగారము వెలువరించిన నిర్భీక్ అను .32 రివాల్వరు వెల ఆనాడు సుమారు 1,22,000 రూపాయలుగా నుండెను. దానికే గొల్లుమన్న జనము నూరేండ్ల జర్మను ముక్కకు అంతకంతలు పోయుచున్నారు. కస్టమ్సువారు పట్టుకొన్న ఆయుధములను పార్లమెంటు సభ్యులు మొదలగు పెద్దలకు చౌకగా విక్రయించిన పద్ధతియు మన దేశమున నడచినదే. సామాన్యునికి మూసిన తలుపు సంధులు ఎవరికి తెరచుకొనునో దీనివలన గ్రహింపవచ్చును. ఇంత సొమ్ము పోసి యిది యెందులకని గుత్తేదారుగారిని సూటిగా నడిగితిమి. ప్రాణభయ మనలేదు, దొంగల భయ మనలేదు. "అవతలివాని దగ్గర వెబ్లీ యున్నది గదా" యనిరి!

ఈ దుర్గము నీడలో ఆయుధములకొక చరిత్ర కలదు. 1839లో ఉదయగిరి జాగీర్దారు అబ్బాసలీఖాను, కర్నూలు నవాబు గులాం రసూలుఖానుతో కూడి కుట్ర సలిపెనను నేరముపై కంపెనీవారిచే చెంగల్పట్టునకు తరలింపబడి జాగీరు పోగొట్టుకొనెను. కర్నూలు కోటలో దాచిన యాయుధరాశులే ఆనాటి సాక్ష్యము. పరపాలకుడు ప్రజలచేతి యాయుధమును చూచి యెట్లు వణకునో చెప్పుటకు వేరు దృష్టాంత మక్కరలేదు. లిట్టను ప్రభువు కాలమున 1878లో వచ్చిన ఆయుధచట్టము ఆ వణకునకే శాసనరూపము; తెల్లవారికి మినహాయింపు, నల్లవారికి లైసెన్సు. 1911లో మణియాచ్చి స్టేషనులో వాంచి చేత నున్నదియు, 1914లో కలకత్తాలో రోడ్డా కంపెనీ పెట్టెలనుండి మాయమైన 50 మౌజరులును పరదేశపు పిస్తోళ్లే. వానిని మోసినవారు పెండ్లిండ్లలో చూపుటకు మోయలేదు.

అహింసావ్రతుడైన గాంధీమహాత్ముడు సైతము 1930 జనవరిలో ప్రకటించిన పదునొకండు కోర్కెలలో, ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సులు ప్రజాధీనమైన నియంత్రణకు లోబడి యీయవలెనను కోరిక నొకదానిని చేర్చెను. 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమికహక్కుల తీర్మానములో నియమబద్ధముగా ఆయుధధారణ హక్కును చేర్చిరి. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో కామతుగారు దానిని ప్రాథమికహక్కుగా నిలుపబూనగా, సభ యంగీకరింపలేదు. సభవారి నిర్ణయము సరియైనదే యని మా యభిప్రాయము. దేశవిభజన నెత్తురు తడి యప్పటికింకను ఆరలేదు. అయితే హక్కు కాకపోయినంతమాత్రమున అది ధనికుల వేడుక కావలెనని సభవారు చెప్పలేదు.

చట్టమేమి చెప్పుచున్నది? 1959లో చేయబడి 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన ఆయుధచట్టమున 13వ సెక్షను మూడవ ఉపసెక్షనును చదువరులు దయచేసి తామే చదువుదురు గాక. నిజముగా పంటరక్షణకై మూతినుండి మందు కూరు తుపాకిని కోరువానికి, చట్టము నిషేధించిన కారణములు లేనిచో, లైసెన్సు నొసగవలెను. ఒసగవచ్చునని కాదు, ఒసగవలెననియే శాసనము. అట్టి తుపాకి చాలదని తోచినచో గొట్టములో గాడులు లేని వేరొక తుపాకికిని ఈయవచ్చును. పిస్తోలు ఈ వర్గములోనిది కాదు. దానిని కోరువాడు తగిన కారణమున్నదని అధికారిని ఒప్పింపవలెను. చట్టము రైతునకు ద్వారము తెరచి, పిస్తోలు కోరువానిని గడపకడ నిలిపి ప్రశ్నింపుమన్నది. మన సీమలో జరుగుచున్నదేమి? సిఫారసు ఉత్తరము గలవాడు గడప దాటుచున్నాడు. రైతు అర్జీ పోలీసు విచారణయందు ఏండ్లకొలది నానుచున్నది. ఆత్మకూరులో మా వద్దకు వచ్చిన యొక ముసలికాపు తన అర్జీ నకలును నాలుగు మడతలు పెట్టి తలపాగలో దాచుకొని తిరుగుచున్నాడు. మడతల యొద్ద అక్షరములు చెరిగిపోయినవి.

తుపాకి లేని రైతు చేనిచుట్టు కరెంటుతీగ లాగుచున్నాడు. పంది పడినచో పంది చచ్చును. తెల్లవారుజామున నీళ్లు పెట్టబోవు పొరుగువాడు పడినచో వాడును చచ్చును. ఇట్టి చావులు మన పత్రికలలో క్రొత్త కాదు. పందిని చంపుటకు వన్యప్రాణిచట్టము క్రింద వేరుగా అనుమతి కావలెనని మే మెరుగుదుము. చప్పుడు చేసి తోలుటకైనను చేతిలో నొకటి యుండవలెను గదా!

ఆయుధములు పెరిగిన నేరములు పెరుగునని కొందరు ధర్మజ్ఞులు మాకు బోధింతురు. వారికి మా సమాధానము సులభము: మేము పిస్తోళ్లు పంచుడని కోరుటలేదు. చేనిగట్టున గజముపొడుగు తుపాకి దాచుట కష్టము, నడుమున పిస్తోలు దాచుట సులభము. ఏది నేరమునకు చెలికాడో వారే నిర్ణయింతురు గాక. 2019 సవరణ ఒక్కొక్కనికి రెండు ఆయుధములకే పరిమితి విధించినది, వేడుకకాల్పులకు శిక్ష చెప్పినది, మంచిదే. వేడుకకే కొనువానికి లైసెన్సు ఎట్లు వచ్చెనని మాత్రము అడుగువాడు లేడు.

అందువలన మేమే అడుగుచున్నాము. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో గత పదియేండ్లలో పంటరక్షణకై ఎన్ని యర్జీలు వచ్చినవి, ఎన్నింటికి లైసెన్సులిచ్చిరి, ఎన్ని పోలీసు నివేదిక కొరకు ఆగియున్నవి, అదే కాలమున పిస్తోళ్లకు రివాల్వర్లకు ఎన్ని లైసెన్సులిచ్చిరి, వానికి వ్రాసికొన్న కారణము లేవి, ఈ జిల్లాలో శిక్షణపత్రములను ఎవరు ఏ క్షేత్రమున తూటా కాల్పించి యిచ్చుచున్నారు అను ప్రశ్నలు 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద నెల్లూరు కలెక్టరు కచేరికి రిజిష్టరు తపాలలో పోయినవి. ప్రత్యుత్తరము వచ్చిన వారపు సంచికలోనే దానిని అక్షరము మార్పక ప్రకటింతుము.