పొగ లెక్క ప్రహరీ వద్ద తేలాలి

ఫ్యాక్టరీ నుంచి ఎంత విషవాయువు వెలువడుతున్నదో చెప్పేది ఫ్యాక్టరీ యంత్రమే. ఆ గాలి పీల్చేది మాత్రం ప్రహరీ అవతలి జనం. విశాఖ, అనకాపల్లి జిల్లాల పారిశ్రామిక ప్రాంతాల్లో ఈ పద్ధతి మారవలసిన అవసరం ఎంతైనా ఉంది.

కాలుష్యం ఎక్కువగా ఉండే 17 రకాల పరిశ్రమలు కొలత యంత్రాలు అమర్చి, లెక్కలు ఎప్పటికప్పుడు పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. మంచిదే. కాని పొగగొట్టంలోని యంత్రానికి ఆ గొట్టం గుండా పోయేదే తెలుస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో 12 మందిని బలిగొన్న స్టైరీన్ వాయువు నిల్వ ట్యాంకు నుంచి వచ్చింది. సైరన్ కూడా మోగించలేదని ప్రభుత్వ కమిటీయే తేల్చింది. నిద్రలో ఉన్న జనానికి ఆ ఘాటే మొదటి హెచ్చరిక అయింది.

దూరం నుంచే వెలుగుతో గాలిని కొలిచే సాధనాలు లేకపోలేదు. లాంతరు చిమ్నీకి మసి పడితే వెలుతురు తగ్గడం అందరూ ఎరిగినదే. ఇక్కడి కిటుకూ అటువంటిదే. ప్రహరీ వెంబడి ఒక కొసన దీపం, వందల మీటర్ల దూరాన ఆ వెలుగును అందుకునే యంత్రం పెడతారు. ఒక్కొక్క వాయువు వెలుగులో ఒక్కొక్క భాగాన్ని మింగుతుంది. సల్ఫర్ డయాక్సైడ్, బెంజీన్, స్టైరీన్ వంటివి కంటికి కనపడని అతినీలలోహిత కాంతిలో తమ గుర్తులు వదులుతాయి. ఏ భాగం ఎంత తగ్గిందో చూసి ఏ వాయువు ఎంత ఉన్నదో లెక్క కడతారు. లైడార్ అనే మరో సాధనం లేసర్ కిరణాన్ని పంపి, తిరిగివచ్చిన వెలుగునుబట్టి పొగ ఎంత దూరాన ఉన్నదీ చెబుతుంది. ఇవి రాత్రివేళా పనిచేస్తాయి. ఫ్యాక్టరీ గేటు దాటనక్కరలేదు.

దట్టమైన మంచు, వాన ఉంటే కొలత చెడే మాట నిజమే. ఖరీదూ తక్కువేమీ కాదు. అయినా అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2017లో చట్టం చేసి, చమురు శుద్ధి కర్మాగారాల ప్రహరీల వద్ద గాలిని నిరంతరం కొలవాలనీ, ఆ లెక్కలు ప్రజలకు తెలియాలనీ నిర్దేశించింది. ఖర్చు యాజమాన్యాలదే.

ఇక్కడా అదే జరగాలి. ఖర్చు పరిశ్రమలు భరించాలి, యంత్రాలు మాత్రం కాలుష్య నియంత్రణ మండలి చేతిలో ఉండాలి. లెక్కలు పంచాయతీ, వార్డు కార్యాలయాల బోర్డులపై తెలుగులో కనపడాలి. హద్దు దాటిన మరుక్షణం సైరన్ దానంతటదే మోగాలి. మరో తెల్లవారుజాము మరో ఊరిని బలిగొనక ముందే అధికారులు మేల్కొనడం మంచిది.