చెరసాలలో నక్క – విచారణ లేని శిక్ష

ఈ విద్యాసంవత్సరంలో మా వసతి గృహమున ఒక చిన్న వివాదం తలెత్తినది. రాత్రి భోజనానంతరం ఒక గదిలో అయిదారుగురు మిత్రులు ఒకే కంప్యూటర్ చుట్టూ చేరి ఆటలో మునిగి ఉండగా, పెద్దలొకరు వాకిట నిలిచి "ఏమిటర్రా ఇది?" అని అడిగినారు. "జైలు నుంచి పారిపోయే ఆట సార్" అని ఒకడు ఉన్నమాట చెప్పినాడు. ఆ ఉన్నమాటే ఉలుకు పుట్టించినది. "తల్లిదండ్రులు అప్పు చేసి చదువుకు పంపితే మీరు నేర్చేది గోడలు దూకడమా?" అని మందలించి ఆయన వెళ్ళిపోయినారు. ఆ గదిలో మేమును ఉన్నాము. ఆయన మందలింపు మమ్ములను నొప్పించలేదు గాని, ఆయన అడిగిన ప్రశ్న మాత్రం వదలలేదు. ఈ ఆట నిజముగా ఏమి నేర్పుచున్నది? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము వెదకుకొన్న సమాధానం.

ముందుగా ఆటను గూర్చి తెలియని పాఠకులకు నాలుగు మాటలు. దాని పేరు 'బ్యాక్ టు ది డాన్'. తిరిగి వేకువకు అని చెప్పుకోవచ్చును. చైనా దేశానికి చెందిన మెటల్ హెడ్ గేమ్స్ అను సంస్థ దీనిని నిర్మించినది. 2023 నవంబరులో అసంపూర్ణ రూపంలోను, 2025 జూలైలో సంపూర్ణ రూపంలోను వెలువడినది. ఇందులో మనుష్యులు లేరు. ఖైదీలు, కాపలావారు అందరూ జంతువులే. కథానాయకుడు థామస్ అను నక్క. వృత్తిచే పత్రికా విలేఖరి. నగరమందలి పెద్దల అవినీతిని బయటపెట్టబోయి, చేయని నేరం మీదపడి చెరసాల పాలైనవాడు. ఆటగాడు కోరినచో బాబ్ అను నల్ల చిరుత పాత్రను కూడ ధరింపవచ్చును. అతడు మారువేషంలో లోపలికి వచ్చిన పోలీసు అధికారి.

ఈ ఆటలో తుపాకి పట్టి కనబడిన వారినెల్ల కాల్చుకొంటూ పోవుట కుదరదు. ఇది పాత్రధారణతో సాగే ఆట. తెల్లవారగానే హాజరు, వేళకు భోజనం, పిమ్మట పని, కొంతసేపు ఆరుబయట తిరుగుట, రాత్రికి మరల కొట్టులో తాళం. ఈ దినచర్య నడుమ దొరికిన కొద్ది గడియలలోనే నక్క తన దారి వెదకుకోవలెను. బలము, చురుకుదనము, తెలివి, మాటనేర్పు అను గుణములకు అంకెలు ఉండును. ఏదైనా సాహసానికి పూనుకొన్నప్పుడు పాచిక దొర్లును. గుణము ఎంత ఉన్నా అదృష్టం కలిసిరాక తప్పదు. లోపల ముఠాలు ఉన్నవి. ఒకరికి సాయపడినచో మరొకరికి కంటగింపు. పారిపోవుటకు మార్గములు పెక్కు గలవు గాని, ఏ మార్గమునకైనను ఓర్పు, పరిశీలన, తోటివారి తోడ్పాటు కావలెను.

పెద్దల అభ్యంతరంలో నిజం లేకపోలేదు. నక్క ఈ ఆటలో దొంగిలించును, అబద్ధమాడును, అవసరమైతే కొట్టును. తోటి ఖైదీ మనసు గెలుచుటకు బహుమతి ఇచ్చినచో స్నేహపు కొలత ఒక మెట్టు పెరుగును. స్నేహమును ఇట్లు అంకెలతో తూచుట మాకును రుచింపలేదు. ఇక్కడ చిన్నయసూరి నీతిచంద్రికలోని చిత్రగ్రీవుడు జ్ఞప్తికి వచ్చినాడు. 1853లో వెలువడిన ఆ గ్రంథం మిత్రలాభంలో, వలలో చిక్కిన పావురములన్నియు ఒక్కుమ్మడిగా ఎగిరి వలతో సహా హిరణ్యకుడను ఎలుక కడకు పోవును. ఎలుక తన మిత్రుడైన పావురాల రాజు బంధములను ముందు కొరుకబోగా, ఆ రాజు వారించి ముందు తన వారి బంధములను తెంపుమనును. చెర నుండి తప్పించుకొనుటను గూర్చి మన భాషలో మేము చదివిన మొదటి కథ అదియే. ఆ పావురము ఎదుట ఈ ఆటలోని నక్క కొంచెం చిన్నబోవును. ఎవరికెంత సాయము చేసినను, చివరకు ఆటగాని చూపు తన నక్క బయటపడుట మీదనే నిలుచును.

అయినను ఈ ఆటను గోడలు దూకు విద్యగా మాత్రమే చూచుట న్యాయం కాదని మా అభిప్రాయం. అందుకు కారణం ఆ నక్కయే.

మన భాషను చూడుడు. నక్కజిత్తులు అంటాము. నక్క వినయం అంటాము. టక్కరి నక్క అని తొలి తరగతి పాఠం నుండియే పిల్లలకు నేర్పుతాము. నక్క ఏదైనా చేయకముందే దానిని దోషిగా నిర్ణయించుకొన్నాము. అట్టి జంతువునే ఈ ఆట నిరపరాధిగా నిలిపినది. ఆటగాడు ఆ చర్మంలో దూరి, ఎవరును తన మాట నమ్మని చోట దినములు గడుపవలెను. తోడేలు క్రూరమని, ఏనుగు సాధువని ముందే అనుకొన్నవాడు ఈ చెరసాలలో మోసపోవును. ఎవరి కథ ఏమో ఓపికగా అడిగి తెలిసికొన్నవాడే నెగ్గును. మొగము చూచి గుణము నిర్ణయింపరాదని ఉపన్యాసం ఇచ్చుట వేరు, ఆ నిర్ణయం తన మీద పడినప్పుడు ఎట్లుండునో చవిచూచుట వేరు.

ఈ మాట మా ఉర్దూ శాఖ మిత్రులతో అనగా, వారిలో ఒకరు నవ్వి, "చెరసాలలో నక్క కథ కొత్తదేమీ కాదు, మాకు వెయ్యేండ్ల నాడే ఉన్నది" అన్నారు. వారు చెప్పినది 'కలీలా వ దిమ్నా' కథ. మన పంచతంత్రం ఆరవ శతాబ్దిలో పారశీకమునకు పోయి పహ్లవీ భాషలోకి మారినది. దానిని ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫ్ఫా అరబ్బీలోకి తెచ్చినాడు. మన కరటక దమనకులే అక్కడ కలీలా, దిమ్నా అయినారు. తరువాత అది పారసీలో పలు రూపములు ధరించి, అక్బరు కొలువులో అబుల్ ఫజల్ చేతి మీదుగా 'ఇయారె దానిష్' అయి, పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో 'ఖిరద్ అఫ్రోజ్' పేర ఉర్దూకు వచ్చినది. మన ఇంటి నుండి పోయిన కథ ఇన్ని ఊళ్ళు తిరిగి మన ప్రక్క గదికే చేరినదన్నమాట.

అయితే ఆ ప్రయాణంలో కథకు ఒక అధ్యాయం అదనంగా చేరినది. మన కథలో దమనకుడు సింహమునకు, ఎద్దుకు నడుమ కలహం పెట్టి, ఎద్దు చచ్చిన పిమ్మట ఏ శిక్షయు లేక మంత్రిగా సుఖముండును. అరబ్బీ కథలో అట్లు కాదు. దిమ్నాను చెరలో వేసి విచారణ జరుపుదురు. ఆ విచారణలో ఒక ఘట్టం మమ్ములను ఆకర్షించినది. సభలో పందుల నాయకుడు లేచి, దిమ్నా ఎడమ కన్ను చిన్నది, ముక్కు ఒక వైపునకు వంగినది, ఇవి పాపాత్ముని లక్షణములు గనుక వీడు దోషి అని వాదించును. దిమ్నా ఆ వాదమును సభలోనే తుత్తునియలు చేయును. నిజానికి దిమ్నా దోషియే. అయినను ఆ సభ కన్ను ముక్కు చూచి శిక్ష వేయలేదు. చివరకు, అతని మాటలు చెవులార విన్న చిరుతపులి ఒకటి, అదే చెరలో ఉన్న మరొక మృగము ఒకటి, సాక్ష్యం చెప్పిన పిమ్మటనే శిక్ష పడినది. ముందే ఎందుకు చెప్పలేదని అడుగగా, ఒక్క సాక్ష్యం చాలదు గనుక అని సమాధానం వచ్చినది.

ఈ రెండు నక్కలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినప్పుడు మాకు మా సమాధానం దొరికినది. వెయ్యేండ్ల నాటి కథలో దోషియైన నక్కకు సైతము విచారణ దక్కినది. తన మాట చెప్పుకొనుటకు సభ దక్కినది. నేటి ఆటలోని నక్క నిరపరాధి, అయినను తన మాట వినువారు లేరు. అందుచేతనే గోడకు దారి వెదకుచున్నాడు. న్యాయస్థానపు తలుపు తెరచి ఉన్నచోట గోడ దూకుట నేరము. ఆ తలుపు మూసిన చోట అది ఆటగా మారినది, చూచువారికి ఉత్సాహమును కలిగించుచున్నది. మా మిత్రులు నక్కతో పాటు ఊపిరి బిగబట్టినది నేరము మీది మోజుతో కాదు. చేయని తప్పునకు శిక్ష పొందువాని మీది సానుభూతితో.

ఇది జంతువుల ఆటయే కదా అని త్రోసివేయుటకు వీలు లేదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022 సంవత్సరాంతమున మన దేశపు చెరసాలలలో 5,73,220 మంది ఖైదీలు ఉండగా, వారిలో 4,34,302 మంది, అనగా ప్రతి నలుగురిలో ముగ్గురు, ఇంకను నేరము రుజువు కాని విచారణ ఖైదీలు. ఆనాటికి జైళ్ళు పట్టవలసిన వారికంటె నూటికి ముప్పది మందికి పైగా అధికముగా నిండి ఉండెను. వీరందరు నిరపరాధులని మేము అనము. ఎవరు దోషియో, ఎవరు కాదో తేల్చవలసిన పని ఇంకను మిగిలియున్నదని మాత్రమే అంటాము. 1979లో బీహారు జైళ్ళలోని విచారణ ఖైదీలను గూర్చి హుస్సేనారా ఖాతూన్ పేర నడచిన వ్యాజ్యంలో, సత్వర విచారణ జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తమ మీది నేరమునకు పడదగిన శిక్షను మించిన కాలము లోపలనే గడిపినవారు సైతము ఆనాడు ఆ జైళ్ళలో ఉన్నారు. ఆ తీర్పు వచ్చి నాలుగు దశాబ్దాలు దాటినది. పై అంకెలు అటు పిమ్మటివే.

ఆటలో ఓడినచో మరల మొదటి నుండి ఆడవచ్చును. పోయిన దినములు తిరిగి వచ్చును, పాచిక మరల దొర్లును. నిజమైన చెరలో పోయిన ఏడాది పోయినదే. ఆ ఏడాదిలో కూతురి పెండ్లి జరిగిపోవును, తండ్రి కన్నుమూయును, ఉన్న చిన్న దుకాణం మూతపడును. తరువాత నిర్దోషి అని కాగితం చేతికిచ్చినను, ఊరివారి కళ్ళు మాత్రం అతనిని నక్కగానే చూచును.

కాబట్టి పెద్దలకు మా మనవి ఇది. ఆట మీద నియమం పెట్టుడు, మేము కాదనము. పరీక్షల ముందు రాత్రి రెండు గంటల వరకు నక్క వెంట తిరిగిన మిత్రునికి గణితంలో ఏమైనదో మాకు తెలియును. కాని ఆటను ఆపించిన పిమ్మట దాని ప్రక్కనే ఉన్న ప్రశ్నను కూడ ఆపివేయకుడు. నిరపరాధికి గోడ తప్ప వేరు దారి ఎందుకు లేకపోయినదని తరగతిలో అడుగుడు. మాతో చర్చింపుడు.

మిత్రులకు మా మనవి మరొకటి. నక్కను బయటకు తెచ్చితిమని సంతోషించి నిద్రపోకుడు. తలుపులు కొన్ని ఉన్నవి. వాటిని తెలిసినవారు తక్కువ. పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించవలెనని రాజ్యాంగంలోని 39ఎ అధికరణం చెప్పుచున్నది. అందుకొరకు ప్రతి జిల్లాలోను న్యాయ సేవాధికార సంస్థ పనిచేయుచున్నది. చెరలో ఉన్నవారు సైతము దాని సాయమునకు అర్హులు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షను ప్రకారం, మరణశిక్షకు గాని, యావజ్జీవ శిక్షకు గాని తగిన నేరములు తప్ప, మునుపు ఏ నేరమునకును దోషిగా తేలనివాడు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం విచారణ ఖైదీగా గడిపినచో, అతని మీద వేరు వ్యాజ్యములు నడచుచుండనిచో, పూచీకత్తు పత్రముపై విడుదలకు అర్హుడు. ఈ రెండు ముక్కలు మన వీధిలో ఎందరికి తెలియును? అర్జీ వ్రాయలేని తల్లికి అర్జీ వ్రాసి ఇచ్చుట, ఆమె వెంట జిల్లా కోర్టు ఆవరణలోని ఆ కార్యాలయము వరకు నడచుట, తెలుగు, ఉర్దూ రెండును చదువగల మనకు కష్టమైన పని కాదు. వల కొరికిన ఎలుకకు పెద్ద బలమేమీ లేదు. పదునైన పండ్లు, మిత్రుని మీది ప్రేమ మాత్రమే ఉన్నవి.

ఆనాటి రాత్రి మా గదిలో ఆట సగంలో ఆగిపోయినది. తెర మీద నక్క కొట్టులో కూర్చుండి తెల్లవారుటకు ఎదురుచూచుచున్నాడు. మేము కంప్యూటరు మూసి పడుకొన్నాము. మన చుట్టునున్న చెరసాలలలో తన మాట వినువారి కొరకు ఎదురుచూచువారికి మాత్రం ఆ రాత్రి అట్లు ముగియలేదు. వారి వేకువను గూర్చి విజ్ఞులైన పాఠకులు ఒక్క క్షణము యోచింతురని ఆశించుచున్నాము.