రెండవ చేతికిని పని కావలెను

కంప్యూటరు ముందు కూర్చున్నపుడు భారమంతయు కుడి మణికట్టే మోయుచున్నది; ఎడమచేయి ఊరకున్నది. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ వెలువరించిన సర్ఫేస్ డయల్ దీనికొక మార్గము చూపినది. తీగ లేక, బ్లూటూత్ ద్వారా పనిచేయు ఈ గుండ్రని సాధనమును త్రిప్పినచో పుట జరుగును, లేదా చిత్రము పెద్దదగును; నొక్కి పట్టినచో పనుల పట్టిక కనిపించును. త్రిప్పునపుడు వ్రేళ్ళకు స్వల్ప స్పందన తెలియును.

అయితే తెరపై కోరినచోట గురిచూపుటకు మౌసే శరణ్యము. కావున ఇది మౌసునకు తోడే గాని ప్రత్యామ్నాయము కాదు. అయినను, ఉర్దూ, తెలుగు పుటలను గంటలకొలది దిద్దు మనవంటి వారికి ఆ తోడు చిన్నది కాదు. ప్రతి బల్లకును మేము కోరుట లేదు. ఒక్కదానిని తెప్పించి, మణికట్టు నొప్పితో బాధపడు విద్యార్థులకు మొదట ఇచ్చి, వారి అనుభవమును బట్టి నిర్ణయింపవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము.